ఒక మేస్త్రి మాటకు ప్రతిపద వ్యాఖ్యానం

అవతారిక

చౌడేపల్లెలో మా వీధి చివర రెండంతస్తుల ఇల్లు లేస్తోంది. ఆ రోజు బయటి గోడకు పూతపని. సాయంత్రం నాలుగున్నర దాటింది. బోయకొండ వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కలిపిన సిమెంటు మాలు బాండ్లిలో బిగుసుకుపోయేట్టుంది. గోడ పక్కన ఎక్కి పనిచేయడానికి కట్టెలతో కట్టిన సారవ కింద నిలబడిన మేస్త్రి పక్కనున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడితో అన్నాడు:

“ఒరే నాయినా, ఈ ఒక్కసారికి బెల్టు లేకుండానే ఎక్కేయ్. బిన్నా కానీ. ఏం కాదులే.”

కుర్రాడు “సరే మామా” అని ఎక్కాడు. పూత అయింది. వాన రాకముందే దిగాడు. ఏమీ కాలేదు. బెల్టు మాత్రం నీళ్లతొట్టి పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. దానికి అంగడివాళ్లు కట్టిన చీటీ ఇంకా ఊడలేదు.

ఏమీ కాలేదు కనుకనే ఆ మాట నన్ను వదల్లేదు. మనిషి పడినరోజు నలుగురూ చేరి, ఎవరేమన్నారు, ఎవరేం చేశారు అని ఆరా తీస్తారు. పడని రోజు ఆ మాట గాల్లో కలిసిపోతుంది, మర్నాడు మళ్లీ పుడుతుంది. అందుకే పెద్దలు పద్యానికి టీక రాసినట్టు ఈ మాటను పదం పదంగా విప్పి చూద్దామనుకున్నాను. మేస్త్రి మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. కూలీలు అన్నం తిన్నాక గానీ ఆయన తన క్యారియర్ మూత తీయడు. అంత మంచి మనిషి నోట ఈ మాట పలికించింది ఏమిటన్నదే నా ప్రశ్న.

ఒరే నాయినా

ఇది సంబోధన. పిల్లవాణ్ణి ‘నాయినా’ అని, అంటే తండ్రీ అని పిలవడం మా పక్క ముద్దు. ఆ పిలుపు వెనుక ఉన్న బంధం తెలిస్తే తక్కిన వాక్యం సగం అర్థమవుతుంది.

మదనపల్లె, పుంగనూరు, చౌడేపల్లె, కుప్పం పల్లెల నుంచి బేల్దారి పనికి బెంగళూరు పోయేవాళ్లు ఒంటరిగా పోరు. మేస్త్రి వెంట జట్టుగా పోతారు. ఆ మేస్త్రి పని చూపేవాడొక్కడే కాదు. పండక్కి అడ్వాన్సు ఇచ్చినవాడు, షెడ్డులో జ్వరంతో పడుకుంటే మాత్ర తెచ్చిపెట్టేవాడు, శనివారం బట్వాడా చేసేవాడు, ఊర్లో అమ్మానాన్నలకు జవాబు చెప్పుకోవాల్సినవాడు. 1988లో జాన్సన్, హాల్ అనే పరిశోధకులు పని ఒత్తిడి లెక్కలో ఒక కొత్త అంశం చేర్చారు: తోటివారి ఆసరా. పని ఎంత బరువైనా పక్కన మనవాళ్లుంటే మనిషి తట్టుకోగలడని దాని సారం. మన జట్టు పద్ధతిలో ఆ ఆసరా నిండుగా ఉంది.

అయితే ఆ బంధమే నోరు కట్టేస్తుంది. “మామా, ఆగు, బెల్టు తెచ్చుకుంటా” అనడం కుర్రాడికి భద్రత గురించిన మాటలా తోచదు, మామకు ఎదురు చెప్పడంలా తోస్తుంది. పైగా అడ్వాన్సు ఇంకా తీరలేదు. ప్రేమ, బాకీ రెండూ కలిసిన పిలుపుకు కాదనడం కష్టం.

ఈ ఒక్కసారికి

ఈ రెండు మాటల్లో ఒక లెక్క దాగి ఉంది. పూతపని చేసేవాడు రోజుకు ఇరవైసార్లు సారవ ఎక్కి దిగుతాడనుకుందాం. ఏడాదికి 250 పనిదినాలు వేసుకుంటే 5,000 సార్లు. ఎక్కినప్పుడల్లా పడే ప్రమాదం 5,000లో ఒక వంతే అనుకుందాం. ఇది ఉదాహరణకు వేసుకున్న అంకె మాత్రమే. అయినా ఏడాది తిరిగేసరికి ఒక్కసారైనా పడే అవకాశం సగానికి మించిపోతుంది. ఏ ఒక్కసారి చూసినా ప్రమాదం కనబడదు. ఒక్కసారులన్నీ కూడినప్పుడే కనబడుతుంది.

1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయింది. ఆ ఘటనను ఏళ్ల తరబడి పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో వెలువరించిన పుస్తకంలో ఒక విషయం బయటపెట్టారు. నియమానికి చిన్న మినహాయింపు ఇస్తారు, ఏమీ కాదు. ఏమీ కాలేదు కనుక మినహాయింపే మామూలు అయిపోతుంది. ఆ మామూలుకు మళ్లీ మినహాయింపు ఇస్తారు. అంత పెద్ద సంస్థలో, అంత చదువుకున్న ఇంజినీర్ల నడుమ జరిగిందీ, మా వీధి చివర సారవ మీద జరిగిందీ ఒకే క్రమం. ఆ సాయంత్రం కుర్రాడు క్షేమంగా దిగడం ఆ రోజుకు మేలే. కానీ బెల్టు అక్కర్లేదన్న పాఠం కూడా అతనితోబాటే కిందికి దిగింది.

బెల్టు

వాడుకలో అంతా బెల్టే. కానీ నడుముకు చుట్టేది వేరు, భుజాలనూ ఛాతీనీ తొడలనూ కలిపి పట్టే హార్నెస్ వేరు. నడుము పట్టీతో పడితే ఒంటి బరువంతా కడుపు మీదే పడి లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఎత్తులో పనికి కావలసింది ఒళ్లంతా పట్టే హార్నెస్. మన దేశంలో దానికి ఐఎస్ 3521 అనే ప్రమాణం ఉంది.

దాని కొక్కేన్ని ఎక్కడ తగిలించామన్నది ఇంకా ముఖ్యం. తలకు పైన, గట్టి ఆధారానికి తగిలించాలి. పాదాల దగ్గర తగిలిస్తే రెండు మీటర్ల తాడు బిగిసేలోగా మనిషి చాలా దూరం పడిపోతాడు. మూడు మీటర్ల ఎత్తులో పనిచేసేవాణ్ణి ఆ తాడు ఆపేలోగానే నేల తగులుతుంది. సారవ కట్టెలకే తగిలిస్తే మనిషితోపాటు సారవా వస్తుంది. అందుకే తక్కువ ఎత్తు పనుల్లో బెల్టు కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: సందుల్లేకుండా పరిచిన పలకలు, నడుమెత్తున అడ్డకట్టె, కదలకుండా కట్టిన నిచ్చెన. ఇవి ఉంటే మనిషి పరాకుగా ఉన్న క్షణంలో కూడా కాపాడతాయి. బెల్టు మాత్రం పెట్టుకోవాలని గుర్తుంటేనే కాపాడుతుంది. గుర్తుంచుకునే ఆ శక్తినే ఒత్తిడి ముందుగా తినేస్తుంది.

లేకుండానే

వ్యాఖ్యానంలో ఎక్కువసేపు నిలవాల్సింది ఇక్కడ. ‘లేకుండా’ అంటే సరిపోయేది. చివరనున్న ఆ ‘నే’ తెలిసి చేస్తున్నామని చెబుతోంది.

మనిషి తప్పుల గురించి జేమ్స్ రీజన్ 1990లో రాసిన పుస్తకం ఒక తేడా చూపింది. చేయి జారడం, మరిచిపోవడం ఒక జాతి. నియమం తెలిసీ దాటడం ఇంకో జాతి. మొదటిదాన్ని బుద్ధిమాటలు మాన్పలేవు, ఎందుకంటే అది కావాలని చేసేది కాదు. రెండోదాన్నీ ఒట్టి శిక్ష మాన్పలేదు, ఎందుకంటే ఆ దాటడానికి సాధారణంగా ఒక కారణం ఉంటుంది: బెల్టు పెట్టుకుంటే పని సాగదు, పని సాగకపోతే కూలి రాదు. ఒత్తిడి ఈ రెండు తప్పులనూ పెంచుతుంది. తల నిండినవాడు మరిచిపోతాడు, తరిమినవాడు దాటేస్తాడు.

తల నిండడమంటే ఏమిటో చెప్పే పరిశోధన ఒకటి మాకు దగ్గర్లోనే జరిగింది. తమిళనాట విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల్లో 54 పల్లెల్లోని 464 మంది చెరకు రైతులను పరీక్షించి, ఆ ఫలితాలను 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. కోతకు ముందు చేతిలో డబ్బులేని రోజుల్లో ఒకసారి, కోత అయ్యి డబ్బు చేతికొచ్చాక ఒకసారి, అదే రైతుకు ఆలోచన, ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. మనిషి మారలేదు. కోతకు ముందు మాత్రం అతను వెనకబడ్డాడు. డబ్బు చింత ఆలోచనలో కొంత చోటు ఆక్రమించుకుంటుందని, తక్కిన పనులకు మిగిలే చోటు తగ్గిపోతుందని పరిశోధకులు తేల్చారు.

ఇప్పుడు మా మండలం మనిషిని తలుచుకోండి. బోరు వేయించి నీళ్లు పడక అప్పుపడ్డవాడు, టమాటా ధర పడిపోయి మదనపల్లె మార్కెట్టు నుంచి బండి బాడుగ కూడా రాకుండా తిరిగొచ్చినవాడు, తాపీ పట్టుకుని సారవ ఎక్కుతాడు. ఎక్కేది ఒక్కడే అయినా వెంట వడ్డీ, కూతురి ఫీజు, నాన్న మందులు కూడా ఎక్కుతాయి. అలాంటివాడికి పలక చివర ఏ కట్టె కట్టు వదులైందో కనబడదు. కళ్లు చూస్తూనే ఉంటాయి, మనసు అందుకోదు.

ఇంకో దృశ్యం మరిచిపోలేను. పుంగనూరు దగ్గర ఒక కట్టడంలో ఒక ఆడమనిషి తలమీద మాలు బాండ్లితో నిచ్చెన ఎక్కుతోంది. ఒక చేయి బాండ్లి మీద, ఒక చేయి నిచ్చెన మీద. ఇసుక కుప్ప పక్కన చీరతో కట్టిన ఉయ్యాల్లో బిడ్డ. ఉయ్యాల్లో చిన్న ఏడుపు వినబడగానే ఆమె పాదం మెట్టు మీద ఆగిపోయింది, మెడ తిరగలేదు. బరువుంది కదా, తిప్పలేదు. చెవి మాత్రం అటే పోయింది. ఆ అరక్షణం ఆమె నిచ్చెన మీద లేదు. ఆమెకు బెల్టు పెట్టుకోమని గానీ, వద్దని గానీ చెప్పినవాళ్లెవరూ లేరు. మోసేవాళ్లకూ బెల్టు కావాలన్న ఆలోచనే అక్కడ పుట్టలేదు. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది కట్టాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుండే చోట ఆ ఉయ్యాలే గతి.

ఆస్ట్రేలియా పరిశోధకులు గ్రిఫిన్, నీల్ 2000లో భద్రతా నడవడిని రెండుగా విడదీశారు. చెప్పిన నియమం పాటించడం ఒకటి. ఎవరూ చెప్పకున్నా తోటివాడి మేలు చూడడం రెండోది. “అన్నా, ఆ పలక కదుల్తా ఉంది చూడు” అని కేకేయడం రెండోదానికి చెందుతుంది. అలసి, చిరాకుపడి ఉన్న జట్టులో ఈ కేక ముందుగా ఆగిపోవడం నేను చూశాను. ఎవడి పని వాడిది అయిపోతుంది. హెల్మెట్లు లెక్కపెట్టేవాడికి ఆ మౌనం అంకెల్లో దొరకదు.

ఎక్కేయ్

ఇది విధ్యర్థక క్రియ. చెప్పేవాడు కింద, ఎక్కేవాడు పైకి. క్రియకు కర్త కుర్రాడు, నిర్ణయానికి కర్త మేస్త్రి.

1979లో రాబర్ట్ కరాసెక్ చెప్పిన సూత్రం దీనికి సరిగ్గా అమరుతుంది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు. భారం ఎక్కువై, ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ లేకపోతే కుంగదీస్తుంది. సొంత ఇల్లు తానే కట్టుకునే బేల్దారి పొద్దు వాలేదాకా రెక్కలు ముక్కలు చేసుకున్నా నవ్వుతూనే ఉంటాడు. అదే మనిషి మరొకరి కట్టడంలో, ఎప్పుడు ఎక్కాలో ఎప్పుడు దిగాలో ఇంకొకరు చెబుతుంటే, సగం పనికే నలిగిపోతాడు. కష్టానికి తగ్గ ఫలం, గౌరవం లేకపోవడమే ఒత్తిడికి మూలమని 1996లో జోహన్నెస్ సీగ్రిస్ట్ చెప్పిన మాటను కూడా దీని పక్కన ఉంచి చూస్తే, దినకూలీ బతుకు మొత్తం ఈ రెండు సూత్రాల మధ్య ఇమిడిపోతుంది.

తక్షణ ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే ఆ చోటునుంచి తప్పుకునే హక్కు కార్మికుడికి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో చేసిన 167వ ఒడంబడిక చెబుతుంది. ‘ఎక్కను’ అన్నవాడికి మర్నాడు పని ఉంటేనే ఆ హక్కు హక్కవుతుంది.

బిన్నా కానీ

‘బిన్నా’ అంటే మా పక్క త్వరగా అని. ఈ మాట పుట్టేది మేస్త్రి నోట్లో కాదు, ఆయనకు పైనున్న ఒప్పందంలో.

ఇంటాయన గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాడు. బ్యాంకు అప్పుకు కంతు నడుస్తోంది. కాంట్రాక్టరు చదరపు అడుగు లెక్కన గుత్తకు ఒప్పుకున్నాడు. మేస్త్రి ఆయన దగ్గర ఇంకా తక్కువకు గుత్త పట్టాడు. గుత్తలో ప్రతి గంటా మేస్త్రి జేబులోంచి పోయేదే. వాన వస్తే పచ్చి పూత కొట్టుకుపోతుంది, సిమెంటు డబ్బు ఆయన మీద పడుతుంది. ఇలా పై మెట్టు మీది తొందర ఒక్కో మెట్టూ దిగి, చివరికి అందరికన్నా ఎత్తులో నిలబడిన కుర్రాడి మీద ఆగుతుంది. అతని కింద ఇక దించడానికి ఎవరూ లేరు.

బెంగళూరులో ఇది ఇంకా పెద్దది. స్లాబ్ పోసే రోజు కాంక్రీటు ఆగకూడదు కనుక పని రాత్రిలోకి సాగుతుంది. కుప్పం నుంచి తెల్లవారుజాము రైలుకు పోయి రాత్రి బండికి తిరిగొచ్చేవాళ్లకు నిద్రే కూలిలో కోత పడినట్టు కోసుకుపోతుంది. 1996 చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నియమాలు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటరాదన్నాయి, దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం చెప్పింది. గుత్త పద్ధతిలో గంటలే లెక్కకు రావు కనుక దాటడమూ లెక్కకు రాదు.

ఇక కాలం మిగలడం సంగతి. హార్నెస్ తొడుక్కుని కొక్కెం తగిలించడానికి రెండు మూడు నిమిషాలు. మూడు మీటర్ల నుంచి నేలకు చేరడానికి ఒక సెకను కూడా పట్టదు, సుమారు 0.8 సెకను. అప్పటికి ఒంటి వేగం గంటకు 28 కిలోమీటర్లు. ఆరు మీటర్ల నుంచైతే 39. కాలో నడుమో విరిగి మంచం పట్టినవాడికి ఆ రెండు నిమిషాల ఆదాను ఎవరు తిరిగిచ్చేది?

ఏం కాదులే

వాక్యంలో అందరికీ తీయగా వినబడే ముక్క ఇదే. ధైర్యం చెప్పినట్టుంటుంది. చెప్పేవాడు తనకూ చెప్పుకుంటున్నాడు.

ఇజ్రాయెల్‌లో డోవ్ జోహర్ 1980లో 20 పరిశ్రమల కార్మికుల మీద పరిశోధన చేసి ‘భద్రతా వాతావరణం’ అనే భావనను తెచ్చారు. గోడ మీద రాసిన నియమాన్ని చూసి కార్మికుడు నడుచుకోడు. పని తొందర, ప్రాణ భద్రత ఎదురుపడ్డప్పుడు పైవాళ్లు దేనివైపు నిలుస్తారో చూసి నడుచుకుంటాడు. “ఏం కాదులే” అన్న మాటతో ఆ వాతావరణం ఏమిటో కుర్రాడికి తెలిసిపోయింది.

ఆ వాతావరణానికీ మనసులోని కలతకూ సంబంధమేమిటో హాంకాంగ్‌లో 2004లో వచ్చిన అధ్యయనం చూపింది. 27 నిర్మాణ స్థలాల్లో 374 మందిని అడిగి చూస్తే, మానసిక వేదన ఎక్కువున్నచోట ప్రమాదాలూ ఎక్కువున్నాయి. భద్రత పట్ల వైఖరి ప్రమాదాల సంఖ్యను తాకేది ఈ వేదన గుండానే అని కూడా తేలింది. అంటే కార్మికుడి మనసు కుదురుగా ఉంచడం కూడా భద్రతా పనుల్లో ఒకటి, హెల్మెట్ ఇచ్చినంత అవసరం.

‘ఏం కాదులే’ అన్న మాట అన్నిసార్లూ కిందిమెట్టు మీదే పుట్టదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లిన మనవాళ్లు ఎందరో. అక్కడ ఏ కూలీ ఎంత జాగ్రత్తగా ఉండి ఏం లాభం? పునాది గురించీ స్తంభాల గురించీ నిర్ణయించింది వాళ్లు కాదు. కార్మికుడి నడవడి గురించి మాట్లాడేటప్పుడు ఈ హద్దు మరవకూడదు.

మా మండలంలో బోయకొండ గంగమ్మ గుడిలో, ఏదైనా పని తలపెట్టేముందు అమ్మవారి మీద పువ్వు పెట్టి అది ఎటు పడుతుందో చూసే ఆచారం ఉంది. నేను దాన్ని ఒక వినయంగా చూస్తాను. ముందు ఏముందో నాకు తెలియదు, అడిగి అడుగేస్తాను అనడం. ‘ఏం కాదులే’ అనే మాటలో ఆ అడగడమే లేదు. అమ్మవారికి మొక్కి బస్సెక్కే మనిషి, సారవ ఎక్కేముందు కట్టును చేత్తో లాగి చూసుకుంటే అది కూడా ఆ వినయమే.

తాత్పర్యం

పదాలన్నీ కూడితే వచ్చే అర్థం ఇది: సారవ మీద కనబడే అజాగ్రత్త చాలావరకు నేల మీద తయారవుతుంది. అప్పులో, గుత్తలో, ముహూర్తంలో, నిద్రలేమిలో, కాదనలేని బంధంలో తయారై పైకెక్కుతుంది. పైనున్నవాణ్ణి మాత్రమే తిడితే మనం చివరి పదం చదివి వాక్యం చదివామనుకున్నట్టే.

చట్టం 1996లోనే వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సుగా తీసుకుని సంక్షేమ బోర్డులు నడపాలన్నారు. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు నమోదు కావచ్చన్నారు. ఆ చట్టాన్ని 2020 నాటి కోడ్‌లలో కలిపారు. కానీ 1996 చట్టం లెక్క మొదలైంది పదిమంది పనివాళ్ల నుంచి. భద్రతా కమిటీ కావాలన్నది 500 మంది ఉన్నచోట. బోర్డులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివి, మా మనుషులేమో సోమవారం కర్ణాటకలో, ఆదివారం ఆంధ్రలో. ఆరుగురు పనిచేసే మా వీధి ఇంటికి అధికారి రాడు. అక్కడ ఉన్న చట్టం ఇంటాయన నోటిమాట, మేస్త్రి నోటిమాట.

కాబట్టి ఇల్లు కట్టించుకునేవాళ్లకు చెబుతున్నాను. గుత్త మాట్లాడుకునేటప్పుడే పలకలకు, అడ్డకట్టెలకు, హార్నెస్‌కు వేరుగా డబ్బు రాయండి. వాన వల్ల పోయిన పూత నష్టం మేస్త్రి ఒక్కడి మీద వేయకండి. బట్వాడా అన్న రోజుకు ఇవ్వండి. ముహూర్తాన్ని ఒక వారం వాయిదా వేయడం పురోహితుడితో మాట్లాడి తేల్చుకోగల విషయమే. వీటిలో ప్రతి ఒక్కటీ సారవ మీది మనిషి తలలో కాస్త చోటు ఖాళీ చేస్తుంది.

మొన్న ఆ మేస్త్రితో ఇదంతా చెప్పాను. ఆయన మాట్లాడకుండా విన్నాడు. చివరికి, “నేనట్ల అన్న్యానా?” అని అడిగాడు. ఆయనకు గుర్తే లేదు. అంత మామూలు మాట అది. “మరి ఏమని చెప్పేది?” అన్నాడు. నాకు తోచింది చెప్పాను: “ఒరే నాయినా, బెల్టు వేసుకుని ఎక్కు. నేను ఆగుతా.”

ముందు పిలుపు అలాగే ఉంది, ప్రేమ అలాగే ఉంది. క్రియ మాత్రం ఒకటి కలిసింది. ‘ఆగుతా’ అన్న ఆ క్రియకు కర్త కింద నిలబడ్డవాడు.